రొయ్యల చెరువు మీద నా అద్దాల లంగా

పదో తరగతి పరీక్షలయ్యాక ఆ వేసవంతా ఒక్క లంగా కుట్టుకుంటూ కూర్చున్నాను. బందరు బజారులో అద్దం బిళ్ళలు కొనుక్కొచ్చి, మెరూన్ రంగు గుడ్డ మీద ఒక్కో బిళ్ళ చుట్టూ దారం బిగిస్తూ, అంచు నుంచి మోకాళ్ళ దాకా నింపేశాను. వేళ్ళన్నీ సూదిపోట్లే. నా ఆశల్లా ఒకటే. నాగాయలంక దగ్గర మా మావయ్య కూతురి పెళ్ళిలో ఆ లంగా కట్టుకుని తిరగాలి. చూసినవాళ్ళందరూ "ఎవరు కుట్టారే?" అని అడగాలి. "నేనేనండీ" అని తలొంచుకుని చెప్పడం కూడా సాధన చేసుకున్నాను.

పెళ్ళికి వారం ముందే వెళ్ళాం. బస్సులో ఎవరో లంగా ఉన్న సంచి మీద టీ ఒలకబోశారని దాన్ని ఉతికి, మావయ్య రొయ్యల చెరువు గట్టున తాడు మీద ఆరేశాను. గాలికి అద్దాలు తళుక్కుమన్నాయి. చెరువు మీదున్న కొంగలూ నీటికాకులూ ఒక్కసారిగా లేచిపోయాయి. రొయ్యల్ని ఎత్తుకుపోయే ఆ పిట్టల్ని తోలడానికి క్యాసెట్ల టేపు కట్టి, రిబ్బన్లు కట్టి, డబ్బాలు మోగించి విసిగిపోయిన మావయ్య నోరు తెరుచుకుని చూశాడు.

"అమ్మడూ, ఈ పూటకి దీన్ని ఇక్కడే ఉండనియ్యవే."

ఆ పూట వారమైంది. లంగాని వెదురు గడకి కట్టి చెరువు మధ్యలో పాతేశాడు. పక్క చెరువుల వాళ్ళు వచ్చి చూసి, "ఇలాంటిది మాకోటి కుట్టిపెడతావా అమ్మాయ్?" అని అడిగారు. నా పనితనానికి వచ్చిన మొదటి గిరాకీ కొంగల్ని తోలడానికి! ఒళ్ళు మండిపోయింది.

పెళ్ళి ముందురోజు, లంగా ఇచ్చేదాకా తిననని అన్నం మానేసి కూర్చున్నాను.

"రేపు అందరం పందిట్లో ఉంటామే. చెరువు దగ్గర నీ లంగా అయినా ఉండాలిగా!" అన్నాడు మావయ్య, లంగా కూడా మా బంధువే అన్నట్టు.

అత్తయ్యకి చిర్రెత్తుకొచ్చింది. "కాస్త సిగ్గుండాలండీ! ఆడపిల్ల లంగా గడకి కట్టి ఊరంతటికీ చూపిస్తారా? మీకు కావాల్సింది అద్దాలేగా, ఇదిగో!" అంటూ ఆయన గడ్డం గీసుకునే అద్దం తెచ్చి చేతిలో పెట్టింది. ఆవిడ ఎత్తిపొడుపుకి అంది. ఆయన నిజంగానే అందిపుచ్చుకున్నాడు. సాయంత్రానికల్లా గోడ అద్దం, బీరువా అద్దం, ఆఖరికి పెళ్ళికూతురి పౌడరు డబ్బాలో అద్దం కూడా చెరువు చుట్టూ గడలకి వేలాడుతున్నాయి. నా లంగా నా చేతికొచ్చింది.

పొద్దున్నే లంగా కట్టుకుని, ఓణీ సర్దుకుని పందిట్లోకి బయల్దేరాను.

"ఎక్కడికే? ఆగు!" అని అత్తయ్య కేక. పెళ్ళికూతురికి బొట్టు పెట్టుకోవడానికి ఇంట్లో ఒక్క అద్దమూ లేదు, చెరువు దాకా వెళ్ళి విప్పుకొచ్చే వేళా లేదు. నన్ను కిటికీ పక్కన నిలబెట్టారు. పెళ్ళికూతురు, అంటే మా వదిన, నా ముందు చతికిలబడింది. ఆవిడ పక్కన పిన్నులూ అత్తలూ చేరారు. రూపాయి బిళ్ళంత అద్దంలో ముఖమంతా కనపడదు కదా. ఒకరు నా మోకాలి దగ్గర కాటుక దిద్దుకుంటే, ఇంకొకరు అంచు దగ్గర ముక్కుపుడక సరిచేసుకున్నారు. మగపెళ్ళివారి తరఫు పెద్దావిడ కూడా వచ్చి పళ్ళు చూసుకుని వెళ్ళింది.

"కదలకమ్మా, బొట్టు వంకరపోతుంది" అనేవాళ్ళే గాని, లంగా ఎవరు కుట్టారని ఒక్కరు అడిగితే ఒట్టు. బయట సన్నాయి మొదలైంది. నేను రాటలా నిలబడి ఏడుపు ఆపుకుంటున్నాను.

పెళ్ళికూతుర్ని తీసుకురమ్మని పురోహితుడు కేకేశాడు. అందరూ లేచారు. వదిన మాత్రం లేవలేదు. లంగా అంచు చేతిలోకి తీసుకుని వేలితో తడుముతోంది.

"ఏవే, ఈ ఒక్క బిళ్ళకి రెండు వరసలు కుట్టావేం?"

"అది ఊడిపోతుంటే మళ్ళీ కుట్టాను వదినా."

"అన్నిట్లోకీ ఇదే బాగుంది" అంది.

ఇక ఆపుకోలేక ఏడ్చేశాను.