పై చిల్లులోని పిన్ను

మొన్న గుంటూరులో మా తమ్ముడు కొత్త కారు కొని, ఒకసారి నడిపి చూడమన్నాడు. ఎక్కగానే నేను అద్దం సరిచేసుకోలేదు, బెల్టు పెట్టుకోలేదు. ముందు వంగి బ్రేకు పెడలు కింద చెయ్యి పెట్టి తడిమాను. తర్వాత రెండుసార్లు తొక్కి చూశాను. "షోరూమ్ నుంచి ఇప్పుడేగా వచ్చింది అన్నయ్యా, దాన్ని కూడా నమ్మవా?" అన్నాడు తమ్ముడు. నమ్మను. ఎంత గొప్ప కంపెనీ బ్రేకయినా నా కాలికి పట్టు తగిలేదాకా నాకు అనుమానమే. ఈ జబ్బు నాకు మా మేనమామ కారు నుంచి అంటుకుంది.

మామయ్యది నల్లపాడు అవతల మిరప చేను. పాత జీపు ఛాసిస్ ఒకచోట, వ్యాను ఇంజను ఇంకోచోట సంపాదించి, ఊళ్ళో వెల్డింగు షెడ్డున్న సాయిబుగారితో కలిసి సొంతంగా కారు కట్టుకున్నాడు. ముందు నుంచి చూస్తే జీపు, వెనక నుంచి చూస్తే ట్రాక్టరు ట్రక్కు. ఆయన మురిపెమంతా బ్రేకు పెడలు మీదే. అది పైనుంచి వేలాడే ఇనప బద్ద. దానికి ఒకదాని కింద ఒకటి రెండు చిల్లులు. బ్రేకును నెట్టే రాడ్డును పై చిల్లులో పిన్నుతో తగిలిస్తే పెడలు తేలిగ్గా, లోతుగా దిగుతుంది. కింది చిల్లులో తగిలిస్తే బరువుగా ఉంటుంది కానీ, కాస్త దిగగానే పట్టుకుంటుంది. మామయ్య ఎప్పుడూ కింది చిల్లే. "మగాడి కాలికి ఆ మాత్రం బరువు తగలాలిరా" అనేవాడు. ఇంజను వేడికి అరికాళ్ళు కాలుతున్నాయని పెడలు కింద మిరపకాయల గోనెసంచి ఒకటి మడతలు పెట్టి పరిచాడు. మిరప రైతు ఇంట్లో గోతాలకు కొదవేముంది.

కాయలు కల్లంలో ఎండబోసిన రోజుల్లో నేను వెళ్ళాను. మామయ్య నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కల్లం చుట్టూ తిప్పుతూ బ్రేకు తొక్కాడు. పెడలు జారినట్టు దిగి, గోనెసంచికి ఆని ఆగిపోయింది. ఇంకా దిగితేగాని బ్రేకు పట్టదు. కారు తిన్నగా పోయి మిరపకాయల కుప్పలో దూరింది. ఇద్దరం తుమ్ముకుంటూ దిగి చూస్తే, పిన్ను పై చిల్లులో ఉంది.

ఇక చూడండి, మామయ్యకు లోకమంతా దొంగల్లాగే కనిపించింది. పాలేరును అడిగాడు. నన్ను కూడా ఓరగా చూశాడు. "ఒరేయ్, నువ్వేమైనా కెలికావా?" ఆ రాత్రి బట్టలకు పెట్టే నీలిమందు గ్రీజులో కలిపి, మళ్ళీ కింది చిల్లులో పెట్టిన పిన్నుకు రాశాడు. మర్నాడు మధ్యాహ్నం కునుకు తీసి లేచి చూస్తే పిన్ను కింది చిల్లులోనే ఉంది, గ్రీజు మాత్రం చెదిరింది. అందరి చేతులూ తిప్పి చూశాడు. షెడ్డుకు వెళ్ళి సాయిబుగారి చేతులూ చూశాడు. ఏళ్ళ తరబడి ఇనుముతో మసిబారిన ఆ వేళ్ళలో నీలం ఎక్కడని వెతుకుతాం.

సాయంత్రం భోజనాల దగ్గర తీర్పు చెప్పేశాడు. "సాయిబే. ఇట్లాంటి బండి నా ఒక్కడికే ఉండటం ఓర్వలేకపోతున్నాడు. రేపు పదిమందిలో నిలబెట్టి అడుగుతా. ఇక వాడికీ నాకూ మాటల్లేవు." చిన్నప్పటి నుంచీ ఒకే కంచంలో తిన్నంత స్నేహం వాళ్ళది. కానీ పెరుగు వడ్డిస్తున్న అత్తయ్య వేళ్ళు నాకు కనిపిస్తున్నాయి. గోళ్ళ సందుల్లో నీలం.

అత్తయ్య గరిటె కింద పెట్టింది. "సాయిబు అన్నయ్యనేమీ అనకండి. పిన్ను మార్చింది నేను."

"నువ్వా?" మామయ్యకు నవ్వొచ్చింది.

"పత్తితీతలప్పుడు మీరు చేలో కళ్ళు తిరిగి పడిపోయారు. కారు ఎదురుగా ఉంది, తోలేవాళ్ళు లేరు. మనిషి కోసం రోడ్డు దాకా పరిగెత్తాను. అప్పట్నుంచి మీరు కునుకు తీసినప్పుడల్లా కల్లంలో నేర్చుకుంటున్నా. కింది చిల్లులో ఉంటే నా కాలికి ఆ పెడలు దిగదు. పైకి మార్చుకుని, మీరు లేచేలోగా మళ్ళీ కిందికి పెట్టేదాన్ని. సంచి తీసి తోలి, దిగేముందు పరిచేదాన్ని. మొన్న సంచి పరిచాను, పిన్ను మర్చిపోయాను. మీ ఇద్దరికీ ఏమన్నా అయ్యుంటే నేనేం కావాలి?" పెరుగు గిన్నె పక్కకు జరిపి మళ్ళీ అంది. "పాలేరును అనుమానించారు, మేనల్లుణ్ణి అనుమానించారు, అన్నయ్యను అనుమానించారు. రెండు పూటలా నా చేతులు మీ కంచం ముందే ఉన్నాయి. నన్నొక్కదాన్నే చూడలేదు. దీనికేం చేతనవుతుందిలే అనేగా?"

మామయ్య చెయ్యి కడుక్కుని, టార్చి తీసుకుని కల్లం వైపు నడిచాడు.

పొద్దున వెళ్ళి చూస్తే గోనెసంచి లేదు, పిన్ను పై చిల్లులో ఉంది. సాయిబుగారు రాడ్డు నిడివి దానికి తగ్గట్టు సరిచేసి ఇచ్చారు. ఇప్పుడా కారు అత్తయ్యే తోలుతుంది. మామయ్య పక్కన కూర్చుని, మలుపు వచ్చినప్పుడల్లా పెడలు లేని చోట కాలు గట్టిగా నొక్కుతాడు. ఊరందరినీ అనుమానించడానికి ఆయనకు రెండు రోజులు పట్టింది. పక్కనున్న మనిషికి ఏం చేతనవునో అనుమానం రావడానికి మాత్రం కాపురమంతా గడిచిపోయింది.