సత్తు జ్లోటీ

పోలండ్‌లోని మా క్రోస్నోలో పెళ్ళి చేసుకుని చర్చి గుమ్మం దిగే జంట మీద చిల్లర విసురుతారు. ఇద్దరూ పోటీపడి ఏరాలి. ఎవరు ఎక్కువ నాణేలు ఏరితే ఇంటి పెత్తనం వారిది. చర్చి ఎదుట పూలమ్ముకునే నాకు శనివారాలు ఇదే కాలక్షేపం.

గాజు కార్ఖానాలో పనిచేసి దిగిపోయిన వాలెంటి తన పెళ్ళినాడు ఆ పోటీలో ఓడిపోయాడు. మా దేశపు నాణెం జ్లోటీ అంటే బంగారుది అని అర్థం. ఒకప్పుడు నిజంగానే బంగారు నాణేలను అలా పిలిచేవారు. ఆయన పెళ్ళినాటికి అది ఊదితే ఎగిరే సత్తు బిళ్ళ. పేరు గొప్ప, ఊరు దిబ్బ! ఈయన ఆ పేరు చూసి జ్లోటీల వెంటే పడ్డాడు. పెళ్ళికూతురు బ్రోనియా జ్లోటీలో నూరో వంతైన గ్రోష్‌లను గుప్పిళ్ళతో ఎత్తింది. గ్రోష్ అంటే లావుది అట, పూర్వపు మందపాటి వెండి నాణెం పేరు. ఇప్పుడది గోరంత. చివరి జ్లోటీ మీద ఇద్దరి చేతులూ పడ్డాయి. అదీ ఆవిడే లాక్కుంది.

"బంగారమో సత్తో ఎవడిక్కావాలయ్యా, లెక్కే లెక్క! ఇకనించి నా మాటే చెల్లాలి" అందట.

జీవితమంతా అదే చెల్లింది. సూప్‌లో ఉప్పు, కిటికీ తెర రంగు, ఆయన టోపీ, అన్నీ ఆవిడ ఇష్టమే. "ఆ చివరిదైనా నాకు వదిలుంటేనా..." అని ఆయన నా దగ్గర సణిగేవాడు.

పోయిన చలికాలం బ్రోనియా కన్నుమూసింది. అప్పటినుంచి శనివారం ఎవరి పెళ్ళయినా సరే, వాలెంటి వచ్చి చిల్లర విసురుతాడు. జంట కీచులాడుకుంటే వినడానికే.

"ఆ గోల చెవిన పడితేనే ఇంటికెళ్ళి ఇంత సూప్ తాగబుద్ధేస్తుంది, సబీనా" అన్నాడు నాతో ఒకసారి.

నిన్న వాన. ఆయన విసిరాడు. చిల్లర మెట్ల మీద దొర్లింది.

"ఈ బురదలో ఎవరు వంగుతారండీ! పెత్తనం ఇద్దరిదీనూ" అని పెళ్ళికూతురు నవ్వుతూ పెళ్ళికొడుకుని కారులోకి లాక్కుపోయింది. చుట్టాలూ వెళ్ళిపోయారు.

వాలెంటి మోకాళ్ళ మీద కూర్చుని ఏరడం మొదలుపెట్టాడు.

"లేవండి వాలెంటి గారూ, జలుబు చేస్తుంది. ఈసారి మీరే గెలిచారు లెండి, పెత్తనం మీదే!" అన్నాను నవ్వించబోయి. నా నోటికి బుద్ధి లేదు.

"ఎవరి మీద?" అన్నాడు.

కింది మెట్టు మీద ఒక్క జ్లోటీ మిగిలింది. ఆయన దాని మీద చెయ్యి పెట్టి, తియ్యకుండా కాసేపు అలాగే ఉంచాడు. ఎవరూ లాక్కోలేదు.