ఇంటి బండి

ఇల్లు కొనేటప్పుడు గోడలు చూస్తారు, బావి చూస్తారు, వాస్తు చూస్తారు. నేనూ అవన్నీ చూశాను. ఒక మాట దగ్గర మాత్రం బోల్తా పడ్డాను. దానికి రెండే అక్షరాలు: బండి.

తొంభైల చివర్లో నేను హోసూరులో ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరుని. వరస ఇళ్లలో ఒక బాడుగ ఇంట్లో ఉండేవాళ్లం. మా ఇంటికి చుట్టం వస్తే చాలు, ఓనరమ్మ కిటికీలోంచి చూసి బోరు స్విచ్చి ఆపేసేది. మనిషి పెరిగితే నీళ్లు ఎక్కువ ఖర్చవుతాయని ఆమె భయం. నా భార్య ఆమెతో మాటలు మానేసి, కావాలనే ఆమె ముగ్గు మీదుగా సైకిలు నడిపించుకుని వచ్చేది. "నన్ను ఈ పీడ నుంచి బయటికి తీసకపోతావా, నేనే పోయి ఏ చేన్లోనన్నా గుడిసె ఏసుకోవాల్నా?" అని రోజూ పోరు. అందుకే ఉద్దనపల్లి అవతల, రాయకోట రోడ్డు దిగి లోపలికి పోతే ఒక పెంకుటిల్లు అమ్మకానికి ఉందని తెలియగానే ఇద్దరం బస్సెక్కాం.

అమ్మేది ఒక అన్న. రోడ్డు నుంచి ఇంటికి పోయే దారికి అటూ ఇటూ ఉన్న చేను, దారి మధ్యలో పక్కనున్న ఇల్లు అతని తమ్ముడివి. నాకు వాళ్లతో ఏ వరసా లేదు, కలుపుకోవాలనీ లేదు. అయినా ఇక్కడ అన్న, తమ్ముడు అనే చెబుతాను, అంతకంటే మంచి మాటలు వాళ్లకు దండగ. అన్నకు కృష్ణగిరిలో కొడుకు దగ్గరికి పోవాలని తొందర. ఇల్లు, బావి, చుట్టూ ఉన్న కాస్త జాగా చూపించి, చివర్లో గోడ పక్కనున్న ఒక పాత పికప్పును కాలితో తన్ని చూపించాడు. టైర్లు మట్టిలో దిగబడిపోయాయి. ఇంజను సందులోంచి ఆముదం మొక్క లేచింది. డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది.

"ఇది గూడా ఇంటితోబాటే నీకే. పాత సామానోళ్లకు ఏసేయప్పా" అన్నాడు.

అడ్వాన్సు ఇచ్చేశాం. రాగి కోతలు అయ్యేలోపల రిజిస్ట్రేషను అని ఒప్పుకున్నాం. అన్నదమ్ముల పాత భాగపత్రం అరవంలో ఉంది. నేను చదివింది తెలుగు బడిలో. అరవం గడగడా మాట్లాడతాను గానీ, చదవాలంటే అక్షరం అక్షరం కూడబలుక్కోవాల్సిందే. పత్రాలు రాసే ఆయనే చదివి వినిపించాడు. దారి సంగతి వచ్చినచోట 'వండిప్పాదై' అని ఉంది. "బండి దారిప్పా, ఇంగేం కావాల?" అన్నాడు. నేను సంబరపడ్డాను. మా పక్క బండి అంటే సైకిలూ బండే, స్కూటరూ బండే, లారీ కూడా బండే. ఇంతకంటే పెద్ద మాట ఇంకేం రాయిస్తాం?

రిజిస్ట్రేషనుకు ముందే వంటిల్లు బాగు చేసుకుందామని అన్నను అడిగి, ఒక టెంపోలో సిమెంటు, పెంకులు వేసుకుని వచ్చాం. దారి మధ్యలో తుమ్మకంప అడ్డం వేసి ఉంది. కంప పక్కన తమ్ముడు, భుజాన తువ్వాలు.

"యాడికి?"

"ఇంటికి."

"ఇది బండి దారి."

"మేం తెచ్చింది బండే కదా?"

"బండే. ఏ ఇంటి బండి?"

నేను వాదించాను, అరిచాను, పత్రం తీసి చూపించాను. ఆయన పత్రం వైపు చూడనే లేదు. టెంపో డ్రైవరు విసుక్కుని సామానంతా రోడ్డు పక్కన దించేసి వెళ్లిపోయాడు. నేనూ నా భార్యా సిమెంటు మూటలు నెత్తిన పెట్టుకుని మోస్తుంటే, ఆయన చేను గట్టున మంచం వేసుకుని కూర్చున్నాడు. "మనిసికి దారి ఉండాదిప్పా, నేనేం కాదన్లేదే" అన్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతిలో మూట లేకుంటే ఆరోజు ఏం చేసేవాడినో నాకే తెలియదు.

నా భార్యను వెంటబెట్టుకుని ఊరి పెద్దల దగ్గరికి పోయాను. అన్నదమ్ములిద్దరినీ పిలిపించారు. పెద్దలు అన్నను ఒకటే అడిగారు: "భాగాలు పంచుకున్న దినము బండి అని రాయించినారు కదా, ఏ బండిని మనసులో పెట్టుకుని రాయించినారు?" అన్న తల గోక్కున్నాడు, నా వైపు చూశాడు, తమ్ముడి వైపు చూడకుండా, "అప్పుడు మాకుండింది ఒగటే బండి. ఆ పికప్పే" అన్నాడు. నోటి దగ్గరికి వచ్చిన కూడు చేత్తో తోసేసినట్టయింది. ఏదో ఒక బండి అని అనుంటే వాడి సొమ్మేం పోయేది? పెద్దలు తలలూపి తీర్పు చెప్పారు. ఆ ఇంటి బండికి దారి ఉంది, వేరే బండికి లేదు.

"ఐతే ఆ బండినే తోల్తాను" అన్నాను.

అందరూ నవ్వారు. తీర్పు చెప్పిన వాళ్లే ముందు నవ్వారు. తమ్ముడు మాత్రం నవ్వలేదు, నన్ను ఎగాదిగా చూశాడు. నవ్వకపోవడం నాకు ఇంకా అవమానంగా అనిపించింది. ఇంటికొచ్చే బస్సులో నా భార్య, "అడ్వాన్సు వాపసు అడుగుదామా?" అంది. అడిగిన నోటితోనే, "వద్దులే, ఆ ఓనరమ్మ మొగం నేను చూడలేను" అంది. అలా తేలింది. దారి ఉంటేనే సంతకం, బండి కదిలితేనే దారి.

ఆదివారాలన్నీ ఆ బండి కిందే గడిచాయి. షిఫ్టు అయిపోయాక కూడా కొన్ని సాయంత్రాలు బస్సెక్కి వచ్చేవాడిని. ముందు కోడిని దించాను, అది నన్ను పొడిచింది. ఆముదం మొక్కను నరికాను. ఇంజను బిగుసుకుపోయి ఉంది. సిలిండర్లలో డీజిలూ కిరసనాయిలూ పోసి వారం నానబెట్టి తిప్పి చూస్తే, కదిలింది గానీ ఇంజను బ్లాకే పగిలి ఉంది. కృష్ణగిరిలో పాత ఇనుము అంగట్లో, యాక్సిడెంటయిన ఇంకో బండి ఇంజను దొరికింది. దాన్ని రోడ్డు దాకా తెచ్చాను. అక్కడి నుంచి? వేరే బండికి దారి లేదు కదా. గొలుసు కట్టి, వెదురు బొంగుకు వేలాడదీసి, కూలీల భుజాల మీద మోయించాను. తమ్ముడు మంచం మీది నుంచి లేచి నిలబడి తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఎవురప్పా పోయింది?" అన్నాడు.

కూలీలు నవ్వాపుకోలేక బొంగు వంచేశారు. ఇంజను పోయి గట్టుకు కొట్టుకుంది. నాకు బూతులు వచ్చాయి. అరవంలో ఒకటి, కన్నడంలో ఒకటి, సొంత భాషలో మిగిలినవన్నీ వాడేశాను. ఆయన ఓపిగ్గా అన్నీ విని, మంచం మీద కూర్చున్నాడు.

ఆ తర్వాత నేను వచ్చే ఆదివారం చూసుకుని టమోటా చేనుకు నీళ్లు కట్టి, దారి మీదికి పారించడం మొదలుపెట్టాడు. మోకాలి దాకా బురద. నా భార్య చీర ఎగ్గట్టుకుని, అందులోనే అన్నం క్యారియరు తెచ్చేది. తుప్పు పట్టిన తలుపులు తీసి పారేసి వేరే తలుపులు బిగించాను. క్యాబిను నేల మొత్తం కొత్త రేకు కోసి వెల్డింగు పెట్టాను. వెనక చెక్కలు చెదలు తినేసి ఉంటే అవీ కొత్తవి వేయించాను. ఎలుకలు కొరికిన వైర్లు, పనికిరాని బ్రేకులు, అరిగిపోయిన క్లచ్చి ప్లేటు, టైర్లు, అన్నీ మార్చాను. తీసేసిన సామానంతా తూకానికి అమ్మేశాను. నా భార్య ఉప్పుకాగితంతో రేకు రుద్దేది. ఎవరిని తలుచుకుని రుద్దేదో గానీ ఇనుము తళతళలాడేది. పాత నీలం రంగు గీకేసి పచ్చరంగు కొట్టాం. మొదటిసారి ఇంజను అంటుకుని నల్లటి పొగ కక్కి, తర్వాత నిలకడగా పలికినప్పుడు నాకు ఏడుపొచ్చింది. సంతోషంతో కాదు, కసితో.

రిజిస్ట్రేషను రోజు అన్నను ఆ బండిలోనే ఎక్కించుకున్నాను. "బండి ఈ దారి దాటితే సంతకం, దాటకుంటే నీ ఇల్లు నీకే" అని ముందే చెప్పాను. నా భార్య కొత్త చీర కట్టుకుని వెనక చెక్కల మీద నిలబడింది. సగం దారిలో, సరిగ్గా తన ఇంటి ముందర, తమ్ముడు అడ్డంగా నిలబడ్డాడు. బ్రేకు తొక్కాను. ఆయన బండి చుట్టూ నెమ్మదిగా తిరిగాడు. తలుపు మీద చెయ్యి పెట్టి చూశాడు, చెక్కలు తట్టి చూశాడు, బానెట్టు దగ్గర చెవి పెట్టి విన్నాడు.

"ఇది మా బండి కాదు" అన్నాడు.

"ఏంది?"

"మా బండి తలుపులేవి? మా ఇంజనేది? ఈ రంగు మాకు యాడుండింది? ఏం మిగిల్చినావప్పా నువ్వు? ఆ ఇంటి బండికే కదా దారి. ఇది నీ బండి."

అంత బాగా బాగుచేసినందుకు ఆ బండి పరాయిదయిపోయింది. పక్క సీట్లో అన్న కిటికీ వైపుకు మొహం తిప్పుకున్నాడు. నేను దిగి తమ్ముడి చొక్కా పట్టుకోబోయాను. అంతలో నా భార్య వెనక నుంచి దూకింది. తమ్ముడి పక్కనుంచి, ఆయన లేనట్టే నడుచుకుంటూ ముందుకు పోయింది. "మనిసికి దారి ఉండాది కదా, నడిచిపోయి సంతకాలు పెడదాం రాండి. ఇంగ నేను ఆ ఓనరమ్మ దగ్గరికి పోనంటే పోను" అని కేక వేసుకుంటూ రోడ్డు వైపు పోయింది. నాకు ఇంకేం తోచక ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని, బండిని దారికి అడ్డంగా అక్కడే వదిలేశాను. ఇక ఆయన ఇంటికి మాత్రం ఏ బండి ఎట్లా వస్తుందో చూద్దామని.

బస్సులో, నేను అడగకుండానే, అన్న చెప్పాడు. "ఆ బండి తోలింది అంతా వాడేప్పా. రాయకోట మండీకి టమోటా ఏసకపోయేది వాడే. భాగాల్లో నా పక్కకు పడింది. వాడు అడిగినాడు, నేనియ్యలేదు. నాకు తోలను రాదు, అట్లే నిలబెట్టేసినాను." నిన్న ఎక్కడో వాన పడిందన్నట్టు చెప్పాడు. నేను కొనబోతున్నది ఇల్లు కాదని, వీళ్ల కొట్లాటని నాకు అప్పుడు తెలిసింది. ఐనా పోయి సంతకం పెట్టాను. నా భార్య నా పక్కనే నిలబడి నా చేతినే చూస్తోంది, పెట్టక ఏం చేస్తాను?

సాయంత్రం మేమిద్దరమే తిరిగొచ్చాం. బండి వదిలిన చోటే ఉంది. తలుపు తీసి ఉంది. తమ్ముడు డ్రైవరు సీట్లో కూర్చుని ఉన్నాడు. కాలు క్లచ్చి మీద పెట్టి తొక్కి చూస్తున్నాడు.

"దిగు" అన్నాను.

"స్టీరింగు మార్చలేదు నువ్వు" అన్నాడు, నా వైపు చూడకుండా. చేతులు రెండూ దాని మీదే ఉన్నాయి. "తాళమియ్యి."

"నా బండి అన్నావు కదా పొద్దున? నా బండి తాళం నీకేంటికి?"

"తాళమియ్యి. దారి తీసుకో."

ఇవ్వను అన్నాను. ఈ దారి కోసం బురద తొక్కాను, వేళ్లు చితక్కొట్టుకున్నాను, ఊరంతటి చేత నవ్వించుకున్నాను. ఇప్పుడు ఈయనకు అప్పగించడానికా? కోర్టుకు పోతాను, స్టేషనుకు పోతాను అని అరిచాను. అరుస్తుండగానే నా భార్య నా చొక్కా జేబులో చెయ్యి పెట్టి తాళం తీసింది. "మనకు ఇల్లు కావాల్నా, బండి కావాల్నా?" అని నన్నే అడిగింది, ఆయనకే ఇచ్చింది.

ఆయన బండి తీశాడు. ముందుకు కాదు. కిటికీలోంచి తల బయట పెట్టి, వెనక్కి చూసుకుంటూ, ఆ ఇరుకు దారిలో ఒంటి చేత్తో రివర్సు పట్టి, నేరుగా తన ఇంటి వసారా ముందుకు తీసుకుపోయి నిలబెట్టాడు. ఎన్నో ఏళ్లు తోలిన చెయ్యి అని చూస్తేనే తెలిసింది, అందుకు నాకు ఇంకా ఒళ్లు మండింది. తాళం మొలలో దోపుకుని వచ్చి, తుమ్మకంపను తనే ఎత్తి గట్టు అవతలకి విసిరేశాడు. "పోండి" అన్నాడు, అంతే.

ఆ ఇంట్లో మేం కాపురం పెట్టి ఏళ్లయింది. ఆ దారిన మా గ్యాసు బండి వస్తుంది, చుట్టాల కార్లు వస్తాయి, నా స్కూటరు పోతుంది. ఎవరినీ ఆయన ఏ ఇంటి బండి అని అడగలేదు. నాతో మాత్రం మాట్లాడడు, నేనూ మాట్లాడను. తెల్లవారుజామున ఆయన మండీకి పోతాడు. ఆ ఇంజను చప్పుడికి మెలకువ వచ్చేస్తుంది. పడుకునే వింటాను. ఈమధ్య డీజిలు చిమ్మే నాజిల్ ఒకటి సరిగా కొట్టడం లేదు, ఇంజను ఒక పక్క కుంటుతోంది. అరగంట పని. పోయి చెప్పను.