రంగు కార్ట్రిడ్జ్ తీసేశాక వచ్చిన ఫొటో

దయ్యాలున్నాయని నా ముందు ఎవరైనా అంటే వాళ్ళతో కొట్లాటకు దిగేదాన్ని. మా వీధిలో ఒకావిడ పూనకంతో ఊగిపోతుంటే అందరూ కొబ్బరికాయలు కొట్టారు. నేను మాత్రం "ఆమెకు రక్తం తక్కువున్నది, దవాఖానకు తీస్కపోండ్రి" అని అరిచి తిట్లు తిన్నాను. ఇప్పటికీ దయ్యాలున్నాయని నేను చెప్పడం లేదు. జరిగింది మాత్రం జరిగినట్టు చెబుతాను. పేర్లు మార్చాను, మా అత్తగారి ఊరి పేరు రాయడం లేదు. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

మాది కొత్తకోట. మా ఆయన శ్రీను హైవే పక్కన లారీ మెకానిక్. నేను ఇంటి ముందు గదిలో ఒక ప్రింటర్, పాత లాప్‌టాప్ పెట్టుకుని పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ జిరాక్సులు తీసిస్తాను. అయిపోయినప్పుడల్లా కొత్త కార్ట్రిడ్జ్ కొంటే నాకు మిగిలేదేమీ ఉండదు. అందుకని సిరంజితో ఇంకు నేనే నింపుకుంటాను. నల్లదానికి ఒకటే గది. రంగుదానికి నీలం, ఎరుపు, పసుపు అని మూడు గదులు. కొంచెం ఎక్కువ పోస్తే ఒక గదిలోది పక్క గదిలోకి పొంగుతుంది. ఎన్నేళ్ళుగానో చేస్తున్న పని, కళ్ళు మూసుకుని చేయగలను.

మా ఆయనకూ ఆయన అన్న వెంకటయ్య బావకూ పడదు. పడదనేది చిన్నమాట. అత్తగారి ఊళ్ళో ఇద్దరి పొలాలకూ కలిపి ఒకటే బోరు. ఒక ఎండాకాలం నీళ్ళ వంతు దగ్గర మాటామాటా పెరిగి బావ పార తిరగేసి మా ఆయన మూతి మీద కొట్టాడు. ముందుపళ్ళు ఊడి మడిలో పడ్డాయి. మా ఆయన ఊరుకున్నాడా? నోట్లోంచి నెత్తురు కారుతుండగానే స్టార్టర్ డబ్బా పగలగొట్టాడు, పైపులన్నీ కుప్పేసి తగలబెట్టాడు. అడ్డం వచ్చిన బావను బురదలో పడేసి మెడ మీద మోకాలు పెట్టాడు. బావ కళ్ళు తేలేశాక గానీ ఊరివాళ్ళు విడదీయలేకపోయారు.

ఆ తర్వాత ఎదురుపడితే నరుక్కుంటామని ఇద్దరూ ఊరంతా చెప్పుకు తిరిగారు. వాళ్ళమ్మ చనిపోయినప్పుడు కూడా పాడె చెరోవైపు పట్టారు తప్ప ఒకరి మొహం ఒకరు చూడలేదు.

అత్తమ్మ ఏడాది దగ్గరపడింది. ఆ రోజు కొడుకులిద్దరూ ఒక్కచోట కూర్చుని తల్లికి పెట్టాలి. వాళ్ళ అక్క, మా సుగుణ వదిన, ఆ రోజైనా తమ్ముళ్ళను కలపాలని పట్టుబట్టింది. ఇద్దరూ పక్కపక్కన నిలబడి దిగిన ఫొటో ఒక్కటీ లేదు. ఇలాంటివి అతికించి ఇవ్వడం మా పనిలో మామూలే. పోయిన తాతను మనవడి పెళ్ళిఫొటోలో నిలబెట్టమని కూడా అడుగుతారు. ఆధార్ ఫొటోలోంచి తల తీసి, కోటు వేసుకున్న ఒంటికి తగిలించి ఇస్తాం.

వదిన ఫోన్ చేసి, "పిల్లా, అన్నదమ్ములను ఒక్క ఫొటోల కలుపు. పెద్దోడు చిన్నోని బుజం మీద చెయ్యేసినట్టు జెయ్యి. అమ్మ ఫొటో పక్కన వెడ్తా. చూస్తే వాళ్ళకే సిగ్గొస్తది" అన్నది.

ఒకరి గొంతు ఒకరు పిసుక్కున్నవాళ్ళను కంప్యూటర్లో కౌగిలించుకునేలా చేస్తే ఏం ఒరుగుతుందని నాకు ఒళ్ళు మండింది. అయినా వదిన మాట కాదనలేక చేశాను. ఇద్దరికీ తెల్లచొక్కాలు తొడిగాను. వేరే బొమ్మలోంచి ఒక చెయ్యి కోసి, బావ చెయ్యిలా మా ఆయన ఎడమ భుజం మీద అతికించాను.

సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రింటర్ మొండికేసింది. ఎరుపు రావడం లేదు. ఎవరి ఫొటో తీసినా పచ్చకామెర్లు వచ్చినట్టు వస్తోంది. అంతకుముందు రోజే ఒకావిడ, తన నుదుట బొట్టు పాలిపోయి కనబడకుండా వచ్చిందని, నన్ను ముండమోపిని చేస్తావా అని ఫొటోలు నా మొహాన కొట్టిపోయింది.

నాకు తెలిసిన వైద్యాలన్నీ చేశాను. ఎరుపు గదిలో మళ్ళీ ఇంకు నింపాను. గోరువెచ్చని నీళ్ళలో గుడ్డ తడిపి కార్ట్రిడ్జ్ మూతిని దాని మీద ఆనించి ఉంచాను. కార్ట్రిడ్జ్ వెనక కరెంటు అందుకునే రాగి చుక్కలను స్పిరిట్‌తో తుడిచాను. లాప్‌టాప్‌లో ప్రింటర్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ మొత్తం తీసేసి మళ్ళీ ఎక్కించాను. పరీక్ష కాగితం తీస్తే నీలం, పసుపు గీతలు వచ్చాయి, ఎరుపు ఉండాల్సిన చోట తెల్లకాగితమే. కోపమొచ్చి ప్రింటర్ నెత్తిన రెండు గుద్దులు గుద్దాను. దానికేం కాలేదు, నా చేతికే దెబ్బ తగిలింది.

ఏడాది రేపనగా ఇక విసుగెత్తి రంగు కార్ట్రిడ్జ్‌ను బయటికి తీసి టేబుల్ మీద పేపర్ పరిచి పెట్టాను. మా ప్రింటర్‌లో ఒకటి తీసేస్తే రెండోదానితో పనిచేస్తుంది. నలుపు తెలుపులోనే ఇద్దామని ఫొటోకు ప్రింట్ కొట్టాను.

కాగితం బయటికి వచ్చింది. ఇద్దరి మొహాలు, చొక్కాలు, వెనక గోడ అన్నీ నలుపు తెలుపు. మా ఆయన భుజం మాత్రం ఎర్రగా ఉంది. ఆ ఎరుపు అతికించిన చేతివేళ్ళ దగ్గర మొదలై, చొక్కా మీదుగా జేబు దాకా జారి, కొన దగ్గర రెండు పాయలుగా చీలింది.

రంగు కార్ట్రిడ్జ్ నా కళ్ళెదురుగా పేపర్ మీద ఉంది. ప్రింటర్ మూత తెరిచి చూశాను. నల్లది ఒక్కటే ఉంది. లాప్‌టాప్‌లో ఫొటో పెద్దది చేసి చూశాను, ఎరుపు చుక్క లేదు. మళ్ళీ ప్రింట్ తీశాను. అదే చోట, అదే ఎరుపు, అవే రెండు పాయలు. పక్కింటి టీచరమ్మ ఫొటో తీశాను. శుభ్రంగా నలుపు తెలుపులో వచ్చింది.

వేలితో తాకితే తడిగా అంటింది. మేం పోసే ఎరుపు ఇంకు గులాబీ రంగుకు తిరుగుతుంది. ఇది చిక్కగా ఉంది. పొద్దుగూకేసరికి ఎండి గోధుమరంగు అయింది. ఇంకు అలా మారడం నేను ఎన్నడూ చూడలేదు.

మా ఆయన పని నుంచి వచ్చి ఆ రెండు కాగితాలు చూశాడు. రంగు కార్ట్రిడ్జ్ బయటే ఉందని చెబితే, ఎండిన మరకను గోటితో గీకి చూశాడు. తర్వాత "అమ్మ చెప్తున్నది. ఆడు నన్ను రేపు వదలడు" అన్నాడు. ఊరికి పోవద్దని ఏడ్చాను, తిట్టాను. బండి తాళం జాకెట్లో దాచుకుంటే చెయ్యి మెలిపెట్టి లాక్కున్నాడు. "అమ్మ ఏడాదికి పోకుంటే నేనేం కొడుకునే?" అని అరిచాడు. తెల్లారాక దసరాకు పొట్టేలును కోసే కొడవలిని టవల్లో చుట్టుకున్నాడు. నేను చూశాను, ఆపలేదు. నా మొగుడు ఒట్టి చేతులతో పోయి చచ్చేకంటే అదే నయమనిపించింది. నా స్థానంలో ఎవరున్నా అలాగే అనుకుంటారు. ఫొటోలు రెండూ పొయ్యిలో పెట్టి, బండి వెనక కూర్చున్నాను.

నాగర్‌కర్నూల్ దాటి ఊరు చేరేసరికి చుట్టాలు వచ్చేశారు. మా ఆయన అత్తమ్మ ఫొటో ముందు పీట మీద కూర్చున్నాడు. టవల్ మూటను తొడ పక్కన పెట్టుకున్నాడు. నేను గుమ్మం దగ్గర నిలబడి బావ కోసమే చూస్తున్నాను. బావ వెనక నుంచి వచ్చాడు. చేతుల్లో ఏమీ లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, తాగాడనుకున్నాను. వంగి, మా ఆయన ఎడమ భుజం మీద కుడిచెయ్యి వేసి, "తమ్మీ" అన్నాడు.

మా ఆయన వెనక్కి చూడనే లేదు. కొడవలి తీసి భుజం మీద నుంచి వెనక్కి వేటు వేశాడు. దెబ్బ మణికట్టు పైన పడింది. కట్టె కొట్టిన చప్పుడయింది. బావ చెయ్యి తోలుకు వేలాడుతూ మా ఆయన రొమ్ము మీద పడింది. అత్తమ్మకు పెట్టిన అన్నం మీద, ఆమె ఫొటో మీద నెత్తురు చిమ్మింది. మళ్ళీ కొట్టడానికి కొడవలి ఎత్తుతూ వెనక్కి తిరిగాడు. అప్పుడు చూశాడు, అన్న ఏడుస్తున్నాడని.

కొడవలి కింద పడేసి మా ఆయనే టవల్‌తో ఆ చేతిని కట్టాడు. అన్నను భుజాన వేసుకుని ఆటో దాకా పరుగెత్తాడు. ఆయన ఆటో ఎక్కుతుంటే చొక్కా చూశాను. తెల్లచొక్కా మీద ఎడమ భుజం నుంచి జేబు దాకా నెత్తురు జారి, కొన దగ్గర రెండు పాయలుగా చీలింది. నా మొగుడి ఒంటి మీద గీత కూడా లేదు.

బావ బతికాడు, చెయ్యి దక్కలేదు. దవాఖానకు పోలీసులు వచ్చి అడిగితే, "గడ్డి మిషిన్ల వడ్డది సార్. మా తమ్ముడే ఎత్కొచ్చిండు" అన్నాడు. మా ఆయన ఆ మంచం పట్టె మీద తల బాదుకుని ఏడ్చాడు. బావ మిగిలిన చేత్తో ఆయన తల పట్టుకుని ఆపాడు. ఇప్పుడు బావ మడి కూడా మా ఆయనే దున్నుతాడు. ఇద్దరూ పెద్దగా మాట్లాడుకోరు.

వనపర్తిలో నాకు ఇంకు అమ్మే అతన్ని, మిగతాదేమీ చెప్పకుండా, రంగుది తీసేశాక కూడా ఎరుపు ఎలా వస్తుందని అడిగాను. ఇంకు చిమ్మే హెడ్‌లో పాతది మిగిలి ఉంటుందన్నాడు. ఈ ప్రింటర్‌కు హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది కదా, ఆ కార్ట్రిడ్జ్ టేబుల్ మీద ఉంది కదా అంటే, "మరి నాకు తెల్వదమ్మా" అన్నాడు.

సుగుణ వదిన మాత్రం అమ్మే హెచ్చరించిందంటుంది. నాకు ఆ మాట వింటే కోపమొస్తుంది. కొడుకుల మీద అంత ప్రేమ ఉన్న తల్లి అలాగా చెప్పేది? ఆ కాగితం రాకపోయి ఉంటే మా ఆయన కొడవలి పట్టుకుపోయేవాడే కాదు. బావ చెయ్యి వేసినప్పుడు ఇద్దరూ కలిసి ఏడ్చేవారు, కలిసి అన్నం పెట్టేవారు. అది మమ్మల్ని ఆపడానికి వచ్చిందో, ఆ చెయ్యి తీసుకుపోవడానికే వచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు.