అత్త లారీ మీది తాడపత్రి

ఈ కబురు నాకు మొదట తెచ్చింది మా చిన్నాడపడుచు. హట్టి నుంచి వచ్చే బస్సు దిగి, చెప్పులైనా విడవకుండా గడపలోనే నిలబడి, "వదినా, విన్నవా? ఆ కాంట్రాక్టరు పేర గుళ్ల పాలరాయి పెడ్తున్నరంట. నీతిమంతుడు అని రాస్తరంట," అంది. చేతిలో చేట కింద పెట్టేశాను. పొద్దున లేవగానే ప్రతిదానికీ స్తోత్రం చెప్పుకునే మనిషిని. ఆ పూట మాత్రం నా నోట అది రాలేదు.

థర్మల్ కరెంటు ఫ్యాక్టరీ వచ్చిన కొత్తలో, అక్కడి బొగ్గు బూడిద మోసే లారీలు పోయే దారిలో ఉండేది మా ఊరు. జొన్న ఆకుల మీద, ఆరేసిన చీరల మీద, చివరికి పాల మీగడ మీద కూడా బూడిదే. మామయ్య పోయాక, నన్ను పెంచిన మా మేనత్తకు మిగిలింది ఒక్క లారీ. బడి దూరమని నాకు ఇంట్లోనే అక్షరాలు దిద్దించింది ఆమే. అక్షరాలకన్నా ముందు చేతులు జోడించడం నేర్పింది. ఆ లారీ ఆ కాంట్రాక్టరు కిందే బూడిద మోసేది. ఆయన మా చర్చి గుడికి పెద్ద; పాటల్లో అందరికన్నా పెద్ద గొంతు. మిగతా లారీలన్నీ నోరు తెరుచుకుని పోతుంటే, అత్త బూడిదను తడిపించి, పైన తాడపత్రి, అదే టార్పాలిన్ పట్టా, కప్పించి, తాళ్లు తనే లాగి చూసేది. "బిడ్డకు దుప్పటి కప్పినట్టు కప్పుతవేందక్కా?" అని డ్రైవరు నవ్వితే, "గాలికి లేచింది ఎవరింట్ల పడ్తదిరా? దేవుడు గా ఇంట్ల గూడ అన్నానికి కూసుంటడు," అనేది.

అదే కాంట్రాక్టరుకు కంటగింపైంది. ఒకరోజు మా అరుగు మీద కూర్చుని, మా చాయే తాగుతూ, "చెల్లె, నీ ఒక్క బండిని జూసి దారి పొంటి ఊర్లోళ్లు నా బండ్లన్నీ ఆపి కప్పుమంటున్నరు. తాడపత్రి తీసెయ్యి, లేకుంటే నీ బండి తీసుకపో," అన్నాడు. "ప్రార్థన చేస్కొని చెప్తనన్నా," అంది అత్త. "దీనికి గూడ ప్రార్థనేంది!" అని నవ్వాడు.

మరునాడు విభూది బుధవారం. నిరుటి మ్రానికొమ్మల పండుగ నాటి మట్టలు కాల్చిన బూడిదతో ఫాదరు అందరి నుదుటా గుర్తు వేస్తున్నారు. వరుసలో అత్తకు ముందు ఆయనే. కళ్లు మూసుకుని భక్తిగా నుదురు చాచాడు. వెనక నుంచి అత్త గొంతు ఖంగున మోగింది: "నీకెందుకన్నా గీ చిటికెడు? ఊరంతటికీ పూసి వస్తివి గద!"

ఫాదరు చేయి గాలిలోనే ఆగిపోయింది. గుడి బయటికి వచ్చాక పెద్దలంతా అత్త చుట్టూ చేరారు. "గుళ్ల గిట్ల మాట్లాడొచ్చునా?" అని అడిగారు. ఆమె గొంతు గురించి అడిగినవాళ్లే అందరూ. బూడిద గురించి ఒక్కరూ అడగలేదు. వాళ్లలో సగంమంది పిల్లలు రాత్రంతా దగ్గేవాళ్లే. ఈ వయసులోనూ నా ఒళ్లు మండేది అందుకే.

ఆ వారమే లారీకి పని పోయింది. ఇంకెవరూ పిలవలేదు. అత్త లారీ అమ్మేసి, థర్మల్ కూలీలకు జొన్నరొట్టెలు చేసి పెడుతూ నన్ను సాకింది. తాడపత్రి మాత్రం అమ్మలేదు. వానాకాలం మా ఇంటి కప్పు మీద పరిచేది. దాని కింద నేను ఒక్క చుక్కా పడకుండా నిద్రపోయాను. దానికి నేటికీ స్తోత్రమే.

ఆయన్ని అత్త ఎప్పుడో క్షమించింది. నాకింకా చేతకాలేదు. ఎంత పాలరాయైనా ఏళ్లు గడిస్తే అక్షరాలు అరుగుతాయి. ఎవరి పేరైనా కాలానికి ఒకటే. మాకు రాయి పెట్టే స్తోమత లేదు. మీరెప్పుడైనా కప్పుకుని పోయే లారీ వెనక హాయిగా ఊపిరి తీసుకుంటే, మా అత్తను ఒక్కసారి తలుచుకోండి.