నా బేస్ గిటార్ మీద ఎవరి చెయ్యి?

నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్లిపోతాను. ఇది ఎవరో చెబితే విన్నది కాదు... నాకే జరిగింది. కావాలంటే నా భార్య సుజాతను అడగండి.

కంచన్‌బాగ్‌లో మా చర్చి క్వయర్‌కి నేను బేస్ గిటార్ వాయిస్తాను. పగలు ఫ్యాక్టరీలో ఫిట్టర్‌ని. అక్కడ నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లే తక్కువ. ఆదివారం ఆ గిటార్ మెడలో వేసుకుంటేనే నేనూ ఒక మనిషిని. అలాంటిది, కొన్ని వారాలుగా స్పీకర్‌లోంచి గుర్రుమని ఒకటే మోత. తీగల మీద చెయ్యి ఉంటే ఆగుతుంది, తీస్తే మొదలు. పాటప్పుడు సరే... ప్రార్థనలో చేతులెత్తాలి కదా? సరిగ్గా అప్పుడే గుర్ర్‌ర్... వెనక బెంచీల్లో కిసుక్కుమని నవ్వులు.

శనివారం ప్రాక్టీసులో, క్వయర్ నడిపే ప్రభాకర్ అన్న చెప్పేశాడు.

"తమ్మీ, రేపు గూడ గిట్లనే మోగితే ఇగ బేస్ వద్దు. కీబోర్డ్ మీదనే కొట్టిస్త. ఫీల్ గాకు."

ఫీల్ కాకుండా ఎలా ఉంటాను? ఒళ్లు మండింది. భయం కూడా వేసింది.

ఆ రాత్రి ఇంట్లో అన్నం తిని, గిటార్, స్పీకర్ ముందేసుకుని పట్టుబట్టి కూర్చున్నాను. వైరు మార్చాను. ప్లగ్గు మార్చాను. ట్యూబ్‌లైటు ఆర్పాను, ఫ్రిజ్ ఆపాను.

"పాలు ఇరిగిపోతయ్! ఏంది నీ లొల్లి?" వంటింట్లోంచి సుజాత అరిచింది.

"జర చుప్ ఉండు, ఇననియ్యి!"

గిటార్ వెనక మూత విప్పి ఎర్త్ వైరు చూశాను. బాగానే ఉంది. తీగల కింద స్పాంజి ముక్క దూర్చాను. ఊహూ... విసుగొచ్చి గిటార్‌ని ప్లాస్టిక్ కుర్చీలో ఆనించి, నేను దూరంగా గోడ దగ్గర చతికిలబడ్డాను. గుర్ర్‌ర్... మోగుతూనే ఉంది.

ఆగింది.

కరెంటు పోయిందనుకున్నాను. స్పీకర్ మీది ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. మళ్లీ గుర్ర్‌ర్... మళ్లీ ఆగింది.

"ఆగింది గదా, ఇగ బంద్ జెయ్. ఎంతసేపు పట్టుకోని కూసుంటవ్?" అంటూ సుజాత గడప దాకా వచ్చింది. నన్ను చూసింది. కుర్చీని చూసింది. నా చేతులు నా మోకాళ్ల మీదే ఉన్నాయి.

గుర్ర్‌ర్... ఆగింది.

అప్పుడు... స్పీకర్‌లోంచి... సన్నగా ఒక గీరుడు. బేస్ తీగ లావుగా, గరుకుగా ఉంటుంది. దాని మీద వేలు జరిపితే వచ్చే చప్పుడు అది. నిద్రలో విన్నా గుర్తుపడతాను. చాలా మెల్లగా... తీగ ఆ కొస నుంచి ఈ కొస దాకా...

ప్లగ్గు ఎలా పీకానో నాకు తెలియదు. సుజాత పైకే ప్రార్థన మొదలుపెట్టింది. తెల్లారే దాకా ఇద్దరం కన్ను మూయలేదు.

చర్చికి వెళ్లబుద్ధి కాలేదు. వెళ్లకపోతే క్వయర్‌లో చోటు పోతుంది. వెళ్లాను. ప్రార్థన వచ్చింది. చేతులెత్తాను. ఇదిగో మోగుతుంది... ఇదిగో... లేదు. చర్చి అంతా నిశ్శబ్దం. ప్రభాకర్ అన్న ఒక కన్ను తెరిచి నవ్వాడు.

"మస్తు రిపేర్ జేసినవ్ తమ్మీ! ఏం ప్రాబ్లముండె?" అన్నాడు తర్వాత.

"ఎర్త్ వైరన్నా," అన్నాను. ఇంకేం చెప్పను?

లోపల ఏ వైరో దానంతటదే అతుక్కుందేమో. అయ్యుండొచ్చు. మరి ఆ గీరుడు? ఏమో... ఇప్పటికీ నాకు తెలియదు. క్వయర్‌లో నా చోటు మాత్రం పదిలంగా ఉంది.

ప్రార్థనలో అందరూ కళ్లు మూసుకుంటారు. నేను మూసుకోను. తీగల వైపు కూడా చూడను. చేతులెత్తి దేవుణ్ణి అడిగేది ఒక్కటే... ఆ మోత మళ్లీ రావాలని, తీగల మీద ఏ చెయ్యీ లేదని నాకు తెలియాలని. ఇంతవరకూ రాలేదు.