తప్పు చదివిన ప్లీడరు గారు

నా చిన్నప్పుడు, నేను ఐదో తరగతిలో ఉండగా, మా తాతయ్య పోయిన రెండో నెలలో, మా పెద్ద మామయ్య అమ్మమ్మను వీలునామా రాయించడానికి ఉయ్యూరు తీసుకెళ్ళాడు. ఆ రోజుల్లో అమ్మమ్మ నా చెయ్యి వదిలి ఎక్కడికీ కదిలేది కాదు కాబట్టి నేనూ వెళ్ళాను. ఈ సంగతి ఇన్నేళ్ళలో నేను ఎవరికీ చెప్పలేదు. చెప్పుకోవలసినంత పెద్ద విషయంగా అనిపించలేదు. ఈ ఏడాది మా వారు పోయాక నా ముందుకు కూడా అలాంటి కాయితమే ఒకటి వచ్చింది. అందుకని చెబుతున్నాను.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ఊళ్ళోవాళ్ళ గొంతులన్నీ వింటూ ముప్పై ఏళ్ళు గడిపి రిటైరైనదాన్ని. విజయవాడలో మేము ఉంటున్న ఇల్లు నా ఉద్యోగం మీద కట్టుకున్నది, నా పేరునే ఉంది. పై వాటాలో మా ఆడపడుచు ఉంటుంది. ఆమె పెళ్ళి చేసుకోలేదు. చీరలకు ఫాల్సులు కుట్టుకుంటూ మాతోనే ఉండిపోయింది. ఈ భూమ్మీద ఆమెకు వేరే గది లేదు. చెల్లెలు ఉన్నన్నాళ్ళూ పై వాటా దానిదేనని మా వారు ఎన్నోసార్లు అన్నారు. నేనూ అలాగే అనుకున్నాను. కానీ ఆ మాట ఎక్కడా రాసిపెట్టలేదు.

ఆయన పోయినప్పుడు నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్ళు దాన్ని ధైర్యం అనుకుని మెచ్చుకుని వెళ్ళారు. లోపల ఏమీ లేదు, అంతే. గ్యాస్ బండ తెచ్చిన మనిషి ఎదురింటివాళ్ళ బండ మా వంటింట్లో దింపితే ఊఁ అన్నాను. కాసేపటికి వచ్చి అది తీసుకుపోతానంటే దానికీ ఊఁ అన్నాను. ఆ ఊఁ వింటే నాకే ఎక్కడో విన్నట్టు ఉండేది.

విన్నది మా అమ్మమ్మ దగ్గర. తాతయ్య పోయాక ఆవిడ కూడా అచ్చం అలాగే అయిపోయింది. అంతకుముందు ఆవిడ నోటికి భయపడి వీధిలో పాలవాడు గిన్నె నిండా కొలిచేవాడు. అలాంటి మనిషి గోడకు ఆనుకుని కూర్చుని, ఎవరేమన్నా ఊఁ అనేది. అన్నం తింటావా అంటే ఊఁ, ఇప్పుడు వద్దా అంటే ఊఁ. ఉయ్యూరులో బస్సు దిగగానే పంచదార ఫ్యాక్టరీ మడ్డి వాసన గుప్పుమంది. మామూలుగా అయితే ఆవిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని ఫ్యాక్టరీ వాళ్ళ ఏడు తరాలనూ తిట్టేది. ఆ రోజు ముక్కు మూసుకున్నది నేను ఒక్కదాన్నే.

మా మామయ్య చెడ్డవాడు కాదు. కొంచెం తొందర మనిషి. తాతయ్య హఠాత్తుగా పోవడంతో బెదిరిపోయి, అమ్మమ్మ కాయితాలైనా వెంటనే సరిచేసి పెట్టాలనుకున్నాడు. రాయవలసింది కూడా ఎక్కువేమీ లేదు. అమ్మమ్మకు పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన ఎకరం పొలం కాలవ పక్కన ఉండేది. అది ఒక్కగానొక్క కూతురైన మా అమ్మకు. ఆవిడ పేరున ఉన్న ఇల్లు కొడుకులిద్దరికీ. తాతయ్య ఉండగానే ఇంటిల్లిపాదికీ తెలిసిన మాట ఇది. నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఆ ఎకరం మీ అమ్మదే అని అమ్మమ్మ నాకు కూడా ఎన్నిసార్లో చెప్పింది.

ప్లీడరు గారు లావుగా, ఎప్పుడూ జలుబు చేసినట్టుండే గొంతుతో ఉండేవారు. వరండాలో పడక కుర్చీలో కూర్చుని మామయ్య చెప్పిందంతా విన్నారు. ఒక్కొక్క మాటకీ అమ్మమ్మ వైపు తిరిగి, "అంతేనా అమ్మా?" అని అడిగారు. అమ్మమ్మ ఊఁ అంది. గుమాస్తా చాప మీద కూర్చుని అంతా రాశాడు. రాయడం అయ్యాక ప్లీడరు గారు కాయితం తీసుకుని, కళ్ళజోడు సవరించుకుని, పైకి చదవడం మొదలుపెట్టారు. రాయించినవాళ్ళకు చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాకే వేలిముద్ర వేయించడం అప్పటి పద్ధతి.

చదువుతూ చదువుతూ ఆయన, కాలవ పక్క ఎకరం నా పెద్ద కుమారునికి చెందవలెను అన్నారు. గొంతు ఏమాత్రం మారలేదు. అమ్మమ్మ ఊఁ అంది. మామయ్య తల తిప్పి బజారు వైపు చూస్తున్నాడు. అతను ఆ మాట విన్నాడో లేదో నాకు ఈనాటికీ తెలియదు. నేను మాత్రం విన్నాను.

"కాదు, అది మా అమ్మది!" అని అరిచాను.

పెద్దవాళ్ళ మధ్య ఏంటా కేకలని మామయ్య నన్ను కసిరాడు. ప్లీడరు గారు నన్ను దగ్గరికి పిలిచి, కాయితం నా చేతికిచ్చి, వేలుతో ఆ వరస చూపించి చదవమన్నారు. కూడబలుక్కుని చదివాను. అందులో మా అమ్మ పేరే ఉంది. గుమాస్తా సరిగ్గానే రాశాడు, ఆయనే తప్పు చదివారు. నాకు ఏమీ అర్థం కాలేదు.

"కావాలనే చదివానమ్మా," అని ఆయన నాతో అని, అమ్మమ్మ వైపు తిరిగారు. "పిల్లకి వినపడింది. మీకు వినపడలేదా అమ్మా?"

అమ్మమ్మ, "పసుపు కుంకుమలే పోయినాయి బాబూ. ఇంక ఆ పొలం ఎవరికి పోతే నాకేంటి," అంది. కోపంగా అనలేదు, బాధగా కూడా అనలేదు. మంచినీళ్ళు అడిగినట్టు అంది.

ప్లీడరు గారు కాయితం మడిచి పక్కనున్న బల్ల సొరుగులో పెట్టేశారు. మామయ్యకు చిర్రెత్తుకొచ్చింది. కాయితంలో అంతా సరిగ్గానే ఉందిగదండీ, వేలిముద్ర వేయిస్తే అయిపోద్దిగా అన్నాడు.

"కాయితం సరిగ్గానే ఉందండీ. అమ్మగారే ఇక్కడ లేరు," అన్నారాయన. "ఏదైనా ఒకటే అనేవాళ్ళ చేత నేను వేలిముద్ర వేయించను. నేను తప్పు చదివితే నన్ను తిట్టేంత ఓపిక వచ్చినప్పుడు తీసుకురండి."

దారి పొడుగునా మామయ్య ఆయన్ని తిడుతూనే ఉన్నాడు. ఇవాళే అయిపోయే పనికి రెండుసార్లు తిప్పించుకోవడం ప్లీడర్లకు అలవాటేనన్నాడు. అమ్మమ్మ దానికీ ఊఁ అంది. నేను మాత్రం బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకటే ఆలోచించాను. నేను అక్కడ లేకపోయినా ఆయన ఆ కాయితం మడిచేసేవారా అని. మడిచేసేవారు. ఆయన అడిగింది అమ్మమ్మను, నన్ను కాదు.

నాలుగైదు నెలలు గడిచాక ఒక రోజు అమ్మమ్మ, మా అమ్మ పెట్టిన గోంగూర పచ్చడి నోట్లో పెట్టుకుని, ఇదేం ఉప్పే, సముద్రంలో ముంచావా అని విరుచుకుపడింది. మా అమ్మ పచ్చడి గిన్నె పట్టుకుని వంటింట్లోకి వెళ్ళి సంతోషంతో ఏడ్చింది. ఆ తర్వాత మామయ్య, అమ్మమ్మ మళ్ళీ ఉయ్యూరు వెళ్ళారు. నాకు బడి ఉండి వెళ్ళలేదు. ప్లీడరు గారు చదువుతుంటే అమ్మమ్మ మధ్యలో ఆపి, తూర్పు హద్దు తప్పు చెప్పావయ్యా, మతి ఉండే చదువుతున్నావా అని దులిపేసిందట. అది ఆయన కావాలని చదివిన తప్పు కాదట. గుమాస్తా నిజంగానే తప్పు రాశాడట. ఆయన పడీ పడీ నవ్వి, సరిచేయించి, అప్పుడు వేలిముద్ర వేయించారని అమ్మ చెప్పింది.

ఇక ఈ ఏటి సంగతి. మా అమ్మాయి మంగళగిరిలో ఉంటుంది, అబ్బాయి ఉద్యోగం మీద వేరే ఊళ్ళో ఉంటాడు. వాళ్ళ నాన్న ఏమీ రాయకుండా పోవడంతో, ఆయన పేరున ఉన్న చిన్నా చితకా వాటి కోసం కూడా అది ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి విసిగిపోయింది. నా విషయంలో అలా జరగకూడదని పట్టుబట్టింది. దాని భయం అబద్ధమేమీ కాదు. ఒక ఆదివారం లాప్‌టాప్ తెచ్చి నా పక్కన పెట్టి, ఇంట్లో కూర్చునే వీలునామా చేసుకోవచ్చమ్మా, లాయర్లు కూడా ఎక్కడిదో కాపీ కొట్టి ఇదే ఇస్తారు అంది. ఆస్తి ఏమిటి, ఎవరికి, ఎంత శాతం అని గళ్ళు వచ్చాయి. అన్నీ కలిపి నూరు కావాలి, కాకపోతే ముందుకు పోదు. అబ్బాయికి యాభై, అమ్మాయికి యాభై. మరి పై వాటా మాట ఎక్కడ పెట్టాలో దానికి దొరకలేదు. "అత్తకి శాతం ఏం వేస్తాం అమ్మా? మేమేమైనా వెళ్ళగొడతామా?" అంది. ఊఁ అన్నాను. అంతా చదివాను, ఒప్పుకుంటున్నాను అన్నచోట నొక్కమంది. నొక్కాను.

కాయితాలు ఇంటికొచ్చాయి. ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టాలి. ఆస్తిలో ఏమీ రానివాళ్ళు సాక్షులుగా ఉంటే మంచిదని అందులోనే రాసి ఉంది. మా అమ్మాయి ఎదురింటాయనను పిలిచి, పైకి కేకేసి వాళ్ళ అత్తను కూడా పిలిచింది. ఆమె కుట్టుకునే కళ్ళజోడుతోనే గబగబా దిగివచ్చి, నా పక్క కుర్చీలో కూర్చుంది. కాయితం ముందుకు లాక్కుని అలవాటుగా పైకే చదివింది. ఇల్లు, కింది వాటా, పై వాటా, చెరి సగం. ఒక్కచోట కూడా ఆగలేదు.

"బాగుంది వదినా. నేనెక్కడ పెట్టాలి సంతకం?" అంది.

అప్పుడు వినపడింది నాకు. తన తల మీది కప్పు పోయే కాయితానికి ఆమె సాక్షి సంతకం పెట్టడానికి పెన్ను మూత తీస్తోంది. నేను పక్కన కూర్చుని ఊఁ అనబోతున్నాను. ఉయ్యూరు వరండా, మామయ్య తల తిప్పుకోవడం, నా కేక అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. కాయితం మడిచి నా ఒళ్ళో పెట్టుకుని, ఇవాళ వద్దు అన్నాను. మా అమ్మాయి నొచ్చుకుంది. నామీద నమ్మకం లేదా అమ్మా అంది. నీమీద ఉంది, నామీదే లేదు అన్నాను.

మా వీధి చివర ఒక లాయరమ్మ ఉంది. మా అమ్మాయి కంటే చిన్నది. మా అమ్మాయి అన్నది నిజమే, ఆమె కంప్యూటర్లోనూ ఇంచుమించు అవే మాటలున్నాయి. కానీ ఆమె నాలుగు ప్రశ్నలు అడిగింది, పై వాటాకు చోటు చేసింది. నేను ఆమెను ఒకటే కోరాను. చదివి వినిపించేటప్పుడు ఎక్కడో ఒకచోట, నాకు చెప్పకుండా తప్పు చదవమన్నాను. నేను పట్టుకుంటేనే సంతకం అన్నాను. ఆమె నవ్వి, సరేనంది. మా ఆడపడుచు ఈసారి సాక్షి కాదు కాబట్టి బయట బల్ల మీద కూర్చుంది.

నా చూపంతా పై వాటా గురించిన వరస మీదే ఉంది. తప్పు అక్కడే చదువుతుందనుకున్నాను. ఆమె మొదట్లోనే, నా భర్తతో కలిసి ఈ ఇంట నివసిస్తున్న నేను, అని చదివి, ఆగకుండా రెండో వరసలోకి వెళ్ళిపోయింది.

"ఆగమ్మా," అన్నాను. "ఆయనతో కలిసి కాదు. ఆయన లేరు. పోయారు."

నాలుగు నెలల్లో ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. అంతవరకు ఎవరికి చెప్పవలసి వచ్చినా పిల్లలే చెప్పారు. అన్న తర్వాత ఇక ఆగలేదు. కొత్త మనుషుల ముందు, ఆ చిన్న గదిలో, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఆ పిల్ల బెదిరిపోయి, "సారీ ఆంటీ, అన్నిట్లోకీ చిన్న తప్పనుకుని అది చదివానండీ," అంటూ నీళ్ళ గ్లాసు పట్టుకుని నిలబడింది. మా ఆడపడుచు గుమ్మంలోకి వచ్చి ఏమైంది వదినా అంది. ఏమీ లేదు, కూర్చో అన్నాను. మొదటి నుంచి మళ్ళీ చదివించుకున్నాను. ఆమె బతికున్నంత కాలం పై వాటా ఆమెదే, ఎవరూ ఖాళీ చేయించరాదు అన్న వరస రెండుసార్లు చదివించుకుని సంతకం పెట్టాను.

ఆ ఒక్కసారి ఏడ్చినందుకు నేనేమీ మునుపటి మనిషిని అయిపోలేదు. ఇప్పటికీ చాలా పొద్దులు ఏమీ తోచని మనసుతోనే లేస్తాను. కానీ ఉయ్యూరు ప్లీడరు గారి పుణ్యాన ఒకటి తెలుసు నాకు. అలాంటి రోజున ఎవరైనా వచ్చి దేనికైనా సరేనా అని అడిగితే, రేపు చెబుతానంటాను. రేపు కూడా అలాగే ఉంటే, ఎల్లుండి అంటాను.